విద్యుత్తుకు తూము కట్టిన మనిషి: ముహమ్మద్ అటల్లా

మన సంచికలో ఏటా ఒక పెద్దమనిషి జీవితాన్ని వేసుకొంటూ వస్తున్నాము. పాలకులు, కవులు, దాతలు, స్వాతంత్ర్య యోధులు, వీరి కథలు మన ఇండ్లలో పెద్దలకూ పిల్లలకూ కొంతైనా తెలిసినవే. ఈ ఏడు ఒక ఇంజనీరు జీవితాన్ని పాఠకుల ముందు పెడుతున్నాము. ఆయన రాజ్యమేలలేదు, సభలలో ఉపన్యాసాలిచ్చి పేరు పొందలేదు. అయినా ఆయన చేతిపని చేరని ఇల్లు నేడు మన ఇబ్రహీంపట్నంలో ఒక్కటీ ఉండదంటే అతిశయోక్తి కాదు. కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిప్పే ఇన్వర్టరు, జేబులోని సెల్ ఫోను, దాని చార్జరు, బజారులో తిరిగే బ్యాటరీ ఆటో, చివరకు బ్యాంకు మిషను ముందు నిలబడి మనం నొక్కే రహస్య సంఖ్య, వీటన్నిటి వెనుకా ఆయన బుద్ధి ఉన్నది.

ఆయన పేరు ముహమ్మద్ అటల్లా. అరబ్బీలో అతా అల్లా. మనవాళ్లు అతాఉల్లా అని పిల్లలకు పెట్టుకొనే పేరే ఇది, దేవుడిచ్చిన కానుక అని అర్థం. పేరు ఇంత దగ్గరిదైనా, మనిషి మాత్రం మనకు పరాయిగానే ఉండిపోయినాడు. ఆ లోటు కొంతైనా తీరాలని ఈ వ్యాసం.

పుట్టుక, చదువు

అటల్లా గారు 1924 ఆగస్టు 4న ఈజిప్టు దేశంలోని పోర్ట్ సయీదు పట్టణంలో పుట్టినారు. సూయెజ్ కాలువ మధ్యధరా సముద్రంలో కలిసే చోట ఉన్న రేవుపట్టణం అది. కైరో విశ్వవిద్యాలయంలో (ఆ కాలంలో దానిని ఫువాద్ రాజు పేరుతో పిలిచేవారు) పట్టా పుచ్చుకొని, పై చదువుకు అమెరికా వెళ్లినారు. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1947లో మాస్టర్స్, 1949లో డాక్టరేటు పూర్తి చేసినారు. ఆయన చదివినది ఎలక్ట్రానిక్సు కాదు, మెకానికల్ ఇంజనీరింగు. ఈ ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలి. ఒక శాఖలో పట్టా తీసుకొన్న మనిషి మరొక శాఖకే పునాదిరాయి వేసినాడు.

1949లోనే ఆయన బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో ఉద్యోగంలో చేరినారు. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఈ ప్రయోగశాలలోనే 1947 డిసెంబరులో ట్రాన్సిస్టరు పుట్టింది. అక్కడ ఆయన మార్టిన్ అటల్లా అనే పేరుతో ఎక్కువగా వ్యవహరించినారు. శాస్త్ర పత్రాలలో ఎం. ఎం. అటల్లా అని కనబడుతుంది.

రిలేల పని

మొదట్లో ఆయనకు అప్పగించిన పని పెద్ద ఆకర్షణ ఉన్నది కాదు. టెలిఫోను ఎక్స్చేంజీలలో వేలకొద్దీ రిలేలు ఉండేవి. రిలే అంటే ఏమిటో మన రైతు సోదరులకు వేరే చెప్పనక్కర లేదు. బోరు మోటరు స్టార్టరు డబ్బాలో పచ్చ బటను నొక్కితే లోపలి కాయిలులో కొద్దిపాటి కరెంటు పారుతుంది, అది అయస్కాంతమై పట్టీని లాగుతుంది, పాయింట్లు కలుస్తాయి, మోటరుకు పెద్ద కరెంటు పోతుంది. చిన్న కరెంటు హుకుం ఇస్తుంది, పెద్ద కరెంటు ఆ హుకుం పాటిస్తుంది. రిలే పనీ ఇదే.

అయితే పాయింట్లు కలిసేటప్పుడు, విడిపోయేటప్పుడు మిణుగురులు లేస్తాయి. ఆ మిణుగురులకు లోహం కొంచెం కొంచెంగా కాలి, గుంటలు పడి, ఒకనాడు రిలే మొండికేస్తుంది. అటల్లా గారు ఈ మిణుగురులనే కొన్ని సంవత్సరాలు పరిశోధించినారు. 1953 మొదలు 1955 వరకు బెల్ కంపెనీ సాంకేతిక పత్రికలో దీని మీద ఆయన పత్రాలు వరుసగా వచ్చినవి. చిన్న శక్తితో పెద్ద శక్తిని చెడిపోకుండా ఎట్లా నడపాలి అనేదే ఆ పరిశోధనలోని అసలు ప్రశ్న. తరువాత ఆయన చేసిన పెద్ద పని కూడా ఈ ప్రశ్నకు జవాబే అయింది. చిన్న పని అని దానిని తోసివేసి ఉంటే ఆ జవాబు దాకా వచ్చేవారో లేదో.

సిలికాను పైపొర

1950ల నడుమ ఆయనను ట్రాన్సిస్టరు పరిశోధన వైపు మార్చినారు. అక్కడ ఇంజనీర్లందరినీ ఏడిపిస్తున్న సమస్య ఒకటి ఉండేది. సిలికాను ముక్క లోపల అంతా సక్రమంగానే ఉన్నా, పైన, గాలి తగిలే చోట, అణువుల చేతులు కొన్ని పట్టుకొనేందుకు ఏమీ లేక వేలాడుతూ ఉంటాయి. అవి దారిన పోయే ఎలక్ట్రానులను పట్టి బంధిస్తాయి. బయటి నుండి విద్యుత్ పీడనం చూపి లోపలి కరెంటును అదుపు చేద్దామంటే, ఈ బందీ ఎలక్ట్రానులు నడుమ గోడలాగా అడ్డు నిలుస్తాయి. అట్లా అదుపు చేయవచ్చునని 1920లలోనే లిలియన్‌ఫెల్డ్ అనే శాస్త్రజ్ఞుడు పేటెంటు రాసుకొన్నాడు. 1940లలో బెల్ ప్రయోగశాల ఉద్దండులూ ప్రయత్నించినారు. ఎవరికీ సాగలేదు.

అటల్లా గారి బృందం పట్టుకొన్న ఉపాయం వినడానికి చాలా సాదాగా ఉంటుంది. సిలికానును శుభ్రంగా కడిగి, సుమారు 1000 డిగ్రీల కొలిమిలో ఆక్సిజన్ తగిలేట్టు కాల్చడమే. పైన గాజువంటి పలుచని పొర ఏర్పడుతుంది. వేలాడే ఆ చేతులలో చాలా భాగం ఈ పొరను పట్టుకొని కుదురుకొంటాయి. సిలికాను మీద ఇటువంటి పొర ఏర్పడుతుందని అదే ప్రయోగశాలలో ఫ్రాష్, డెరిక్ అనే ఇద్దరు ముందే కనిపెట్టినారు. ఆ పొర ఉపరితలాన్ని శాంతింపజేస్తుందని రుజువు చేసి, నమ్మకంగా తయారు చేసే పద్ధతి చూపింది అటల్లా బృందం. ఈ పని మీద వారి పత్రం 1959లో అచ్చయింది. నేటి చిప్పుల పరిశ్రమ అంతా ఈ గాజుపొర మీద నిలబడి ఎదిగిందే.

తూము, నీరటి

ఆ తరువాతి అడుగు కొరియా దేశస్థుడైన దవాన్ కాంగ్ అనే యువ ఇంజనీరుతో కలిసి వేసినారు. గాజుపొర మీద లోహపు రేకు ఒకటి అద్దినారు. ఆ రేకును గేటు అన్నారు. రేకుకూ సిలికానుకూ మధ్య గాజుపొర ఉన్నందున గేటులో నుండి కరెంటు లోపలికి పారదు. కాని గేటు మీద కొన్ని వోల్టులు పెడితే దాని ప్రభావం గాజుపొర దాటి లోపల ఒక దారి తెరుస్తుంది. ఆ దారిలో ఒక కొస నుండి మరొక కొసకు కరెంటు పారుతుంది. గేటు మీది వోల్టులు తీసివేస్తే దారి మూసుకొంటుంది. 1959లో, 1960లో ఈ పరికరం రూపు దిద్దుకొన్నది. 1960లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సదస్సులో దీనిని ప్రకటించినారు. ఆ ఏడే ఇద్దరూ వేరువేరుగా పేటెంటు దరఖాస్తులు పెట్టినారు. అటల్లాకు 1962లో, కాంగ్‌కు 1963లో పేటెంట్లు వచ్చినవి. ఈ పరికరాన్నే నేడు మాస్‌ఫెట్ అంటున్నాము.

మన ఊరివారికి ఇది అర్థం కావడానికి మన చెరువే చాలు. గోలకొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాహు పేరు మీదనే మన ఊరికి ఆ పేరు వచ్చిందని అంటారు. తెలుగు కవులను ఆదరించి, వారి నోట మల్కిభరాముడు అనిపించుకొన్న ప్రభువు ఆయనే. ఇంత పెద్ద చెరువు నీటిని పొలానికి వదలాలన్నా, ఆపాలన్నా తూము కాడ ఒక్క మనిషి ఉంటే సరిపోయేది. ఆయనను నీరటి అనేవారు. నీరటి తన బలంతో నీళ్లను మోయడు. తూము మూత ఎత్తుతాడు, దించుతాడు. నీళ్లు వాటి బరువుతో అవే పారుతాయి. మాస్‌ఫెట్‌లో గేటు తూము మూత వంటిది. ఆ మూతను ఎత్తి దించే నీరటి పనిని చేసేదే గేట్ డ్రైవ్ సర్క్యూట్.

ఆదరణ లేని రోజులు

ఇంత పెద్ద వస్తువు కనిపెడితే ప్రయోగశాలవారు నెత్తిన పెట్టుకొని ఉంటారని మనం అనుకొంటాము. అట్లా జరగలేదు. అప్పటి మామూలు ట్రాన్సిస్టరు కంటే ఇది నిదానంగా పనిచేసేది. మనిషి చెమటలోనూ ఉప్పులోనూ ఉండే సోడియం రవంత గాజుపొరలో చేరినా దీని నడత మారిపోయేది. బెల్ పెద్దలు దీనిని పక్కన పెట్టినారు. అటల్లా గారు 1961లో ఆ కొలువు విడిచి, కాలిఫోర్నియాలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ అనుబంధ సంస్థలో అర్ధవాహకాల పరిశోధనకు పెద్దగా కుదిరినారు. 1969లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీకి మారినారు. ఈలోగా ఇతర కంపెనీలవారు మాస్‌ఫెట్‌ను అందుకొని, 1964 నాటికి బజారుకు తెచ్చినారు. సోడియం సమస్యకూ మందు దొరికింది. కన్నవారి ఇంట ఆదరణ లేని బిడ్డ లోకం ఇంట పెరిగి పెద్దదయింది.

పెద్ద కరెంటుకు గేటు

మొదటి మాస్‌ఫెట్‌లు చిన్న కరెంట్లకే పనికివచ్చేవి. పెద్ద కరెంట్లకు 1957 తరువాత థైరిస్టరు అనే పరికరం వాడుకలోకి వచ్చింది. దానికీ గేటు ఉన్నది. కాని ఆ గేటు తలుపు తెరవగలదే గాని మూయలేదు. ఒకసారి కరెంటు పారడం మొదలైతే అది దానంతట అది ఆగే వరకు కాచుకోవలసిందే. 1970ల చివరలో పెద్ద కరెంట్లు మోసే పవర్ మాస్‌ఫెట్‌లు బజారుకు వచ్చినవి. తరువాత 1980 ప్రాంతంలో, మద్రాసులో పుట్టి అక్కడి ఐ.ఐ.టి.లో చదివిన జయంత్ బాలిగా గారు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఐ.జి.బి.టి. అనే పరికరాన్ని రూపొందించినారు. పైన అటల్లా గారి గాజుపొర గేటు, లోపల పాత ట్రాన్సిస్టరు బలం, ఈ రెంటినీ కలిపిన వస్తువు అది. 2017 నవంబరులో హైదరాబాదులో మొదలైన మెట్రో రైలు మోటర్లను నడిపేదీ ఈ జాతి పరికరాలే.

ఇక్కడ మన కుర్రవాళ్లు శ్రద్ధగా చదవవలసిన విషయం ఒకటి ఉన్నది. గేటులో కరెంటు పారదు గదా, దానిని నడపడం ఎంత పని అనిపిస్తుంది. తెరిచి ఉంచడానికి ఏమీ ఖర్చు కాదన్నది నిజమే. తెరిచే క్షణంలో, మూసే క్షణంలో మాత్రం ఖర్చు ఉన్నది. గాజుపొరకు అటూ ఇటూ ఉన్నవి రెండూ కలిసి కెపాసిటరు అవుతాయి. దానిని నింపాలి, మళ్లీ ఖాళీ చేయాలి. ఒక మోస్తరు పవర్ మాస్‌ఫెట్ గేటును నింపడానికి 100 నానోకూలుంబుల విద్యుదావేశం కావాలనుకొందాము. ఒక ఆంపియరు ఇచ్చే డ్రైవరు ఉంటే సెకనులో కోటి వంతు కాలంలో నిండుతుంది. కంప్యూటరు చిప్పు కాలు నేరుగా కలిపితే, అది ఇచ్చేది 20 మిల్లీ ఆంపియర్లే కనుక, యాభై రెట్లు ఆలస్యమవుతుంది.

ఆలస్యమైతే ఏమి నష్టం? తూము పూర్తిగా మూసి ఉంటే కరెంటు లేదు, వేడి లేదు. పూర్తిగా తెరిచి ఉంటే అడ్డు లేదు, వేడి కొంచెమే. సగం తెరిచినప్పుడే ఆపద. బ్యాటరీ ఆటోలో 48 వోల్టులు, 50 ఆంపియర్లు అనుకొంటే, సగంలో నిలిచిన క్షణాన 24 వోల్టులు ఆ చిన్న ముక్క మీదనే పడతాయి. 24ను 50తో గుణిస్తే 1200 వాట్లు. ఇస్త్రీ పెట్టె వేడి అంతా బొటనవేలి గోరంత ముక్కలో పుట్టినట్లు! పూర్తిగా తెరిచినప్పుడు అదే ముక్కలో పది పన్నెండు వాట్లకు మించదు. సెకనుకు ఇరవై వేల సార్లు తెరిచి మూసే చోట, ప్రతిసారీ సగంలో తడబడితే ముక్క మాడిపోక ఏమవుతుంది?

అందుకని మంచి డ్రైవరు గేటుకు సుమారు 10 నుండి 15 వోల్టులు గట్టిగా, వేగంగా ఇస్తుంది, అంతే వేగంగా తీసివేస్తుంది. తక్కువైతే తూము సగమే తెరుచుకొంటుంది. చాలా రకాలలో 20 వోల్టులు దాటితే గాజుపొరకు చిల్లు పడుతుంది, ఇక ఆ ముక్క బాగుపడదు. మరీ వేగమైతే వైర్లలో వోల్టులు ఊగిసలాడతాయి, అందుకే గేటు దారిలో చిన్న రెసిస్టరు వేస్తారు. ఇన్వర్టరులో పైన ఒక స్విచ్చి, కింద ఒక స్విచ్చి జతగా ఉంటాయి. రెండూ ఒకేసారి తెరుచుకొంటే సప్లై నేరుగా షార్టు అవుతుంది. కనుక ఒకటి మూసిన తరువాత రవంత ఆగి రెండవది తెరవడం డ్రైవరు నేర్చిన మర్యాద. పై స్విచ్చి కింది కాలు వోల్టు పైకీ కిందికీ పోతూ ఉంటుంది గనుక, దాని డ్రైవరుకు కెపాసిటరు ద్వారానో, ట్రాన్స్‌ఫార్మరు ద్వారానో వేరే సప్లై ఏర్పాటు చేస్తారు. వేల వోల్టులు నడిచే రైలు ఇంజన్లలో హుకుం వెలుగు రూపంలో గాజు తీగల గుండా పంపడమూ ఉన్నది.

ఇన్వర్టర్లు, చార్జర్లు బాగు చేసే పని నేర్చుకొంటున్న మన పిల్లలకు ఇందులో బతుకు పాఠం కూడా ఉన్నది. మాడిపోయిన మాస్‌ఫెట్‌ను తీసి కొత్తది వేసి, గేటు డ్రైవరును చూడకుండా మూత బిగిస్తే, కొత్తదీ నిమిషంలో మాడుతుంది. గిరాకీ డబ్బు పోతుంది, మన మాట పోతుంది. ముందు డ్రైవరు వోల్టులు కొలవాలి, గేటు రెసిస్టరు తెగిందేమో చూడాలి, గేటును ఎన్నడూ గాలిలో వేలాడనివ్వకుండా కింది కాలికి 10 కిలోఓముల రెసిస్టరు ఉంచాలి. ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు కూడా గాజుపొరను చిల్లు పొడవగలదు కనుక, ముక్కను ముట్టుకొనే ముందు చేతిని ఎర్తుకు తగిలించుకోవాలి.

బ్యాంకు పెట్టె

అటల్లా గారి జీవితంలో మరో అధ్యాయం మిగిలి ఉన్నది. 1970ల మొదట్లో ఆయన అర్ధవాహకాల పని చాలించి, సొంతంగా కంపెనీ పెట్టినారు. అప్పటికి యాభై ఏండ్లకు దగ్గర పడినారు. బ్యాంకులలో డబ్బిచ్చే మిషన్లు అప్పుడప్పుడే వస్తున్నవి. మనిషి నొక్కే రహస్య సంఖ్య తీగల మీద పోయేటప్పుడు ఎవరూ పట్టుకోకుండా, బ్యాంకు ఉద్యోగి కంట కూడా పడకుండా, దానిని గుప్తలిపిగా మార్చి సరిచూసే పెట్టెను 1973లో తెచ్చినారు. అటల్లా పెట్టె అనే పేరుతోనే అది ప్రపంచమంతా బ్యాంకులలోకి పోయింది. 1987లో ఆయన కంపెనీ టాండెం అనే పెద్ద కంపెనీలో కలిసింది. ఇదీ కాపలా పనే. అక్కడ కరెంటుకు గేటు కట్టినారు, ఇక్కడ పేదవాని కష్టార్జితానికి.

చివరి రోజులు

ట్రాన్సిస్టరు కనిపెట్టినందుకు అదే ప్రయోగశాలకు చెందిన ముగ్గురికి 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. లోకంలో అన్నిటికంటె ఎక్కువ సంఖ్యలో తయారైన ఎలక్ట్రానిక్ పరికరమైన మాస్‌ఫెట్‌కు ఆద్యులైన అటల్లాకు గాని కాంగ్‌కు గాని అది దక్కలేదు. కాంగ్ 1992లో మరణించినారు. 2009లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ పట్టికలో ఇద్దరి పేర్లనూ చేర్చినారు. కాంగ్ ఆ మాట వినడానికి లేరు. అటల్లా గారు ఆ గౌరవం చూసి, ఆ ఏడే డిసెంబరు 30న కాలిఫోర్నియాలోని ఆథర్టన్ పట్టణంలో 85వ ఏట కన్నుమూసినారు.

మనం గ్రహించవలసినది

మన ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలు ఎన్నో వెలిసినవి. ఆదిభట్ల, రావిర్యాల, కొంగరకలాన్ వైపు కర్మాగారాలు వచ్చినవి. అక్కడి కొలువులు దూరదేశపు పిల్లలకే గాని మనవాళ్లకు కావని నిరుత్సాహపడే తలిదండ్రులు ఉన్నారు. పోర్ట్ సయీదు రేవు నుండి బయలుదేరిన ఒక కుర్రవాడు, తనకిచ్చిన రిలే మిణుగురుల పనిని చిన్నచూపు చూడకుండా, పైపొరను కడిగి కాల్చే ఓపికతో ఎంత దూరం పోయినాడో వారు ఆలోచించాలి. ఆదరణ దొరకని నాడు ఆయన చేయి ముడుచుకొని కూర్చోలేదు, మరో పనికి చేయి వేసినాడు. పేరు ఆలస్యంగా వచ్చింది, పని మాత్రం సకాలంలో లోకానికి అందింది.

ఆయన గేటు చెప్పే నీతి కూడా ఒకటే. తెరిస్తే పూర్తిగా తెరువు, మూస్తే పూర్తిగా మూయి, సగంలో నిలిస్తే మాడిపోతావు. చదువులో గాని, వృత్తిలో గాని, సంఘం పనిలో గాని ఇది మనకు పనికివచ్చే మాట. పదవ తరగతిలో సగం, ఐ.టి.ఐ.లో సగం, దుకాణంలో సగం చేసి విడిచిపెట్టిన పిల్లలు మన వాడలలో ఎందరో ఉన్నారు. ఆడపిల్లలను ఇంటర్ దాకా చదివించి ఆపినవారూ ఉన్నారు. మొదలు పెట్టిన చదువును చివరి దాకా సాగనివ్వమని మేము ప్రతి కుటుంబాన్నీ కోరుతున్నాము.

ఇంటిలో పాడైపోయిన ఇన్వర్టరు బోర్డు ఉంటే పాత సామానుకు వేయకండి. తెలిసిన మెకానిక్కును పిలిచి, బ్యాటరీ తీయించి, పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టి తెరిపించండి. అల్యూమినియం రేకుకు బిగించిన మూడు కాళ్ల నల్ల ముక్కలు వరుసగా కనబడతాయి. మూడింటిలో ఏ కాలు గేటో మెకానిక్కును అడిగి చూపమనండి. ఆ గేటు వెనుక ఉన్న మనిషి పేరు పిల్లలకు మీరు చెప్పండి.